చన్నీటికి తగిన తొడుగు: కయాక్ ప్రయాణానికి డ్రైసూట్ ఎంపిక

అమెరికా వాయవ్య తీరాన, సియాటిల్ నగరాన్ని ఆనుకొని ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉంది. జులై మధ్యాహ్నం అక్కడ గాలి 27°C వరకు వేడెక్కుతుంది. అదే వేళ ప్రధాన పాయలోని నీరు మాత్రం 12, 13°C దగ్గరే ఉంటుంది. ఫిబ్రవరిలో సుమారు 8°Cకి దిగుతుంది. పూర్వం హిమానీనదాలు తొలిచిన ఈ పాయ కొన్నిచోట్ల 280 మీటర్ల లోతు ఉంటుంది. ఇరుకు ద్వారాల వద్ద ఆటుపోట్లు అడుగునున్న చన్నీటిని పైకి తెచ్చి కలుపుతాయి. అందుకే పైన ఎంత ఎండ కాసినా ఆ నీరు పెద్దగా వేడెక్కదు.

ఆ పరిసరాల్లోని రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్ పట్టణాల్లో తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. విశాఖ, కాకినాడ తీరాల్లో సముద్రం ఏడాదిలో చాలాకాలం 25 నుంచి 30°C మధ్య ఉంటుంది. ఆ నీటికి అలవాటుపడిన శరీరానికి 10°C నీరు ఏం చేస్తుందో ముందుగా తెలిసే అవకాశం లేదు. ఎండను చూసి టీషర్టుతో కయాక్ ఎక్కడం అక్కడే ప్రమాదమవుతుంది. కయాక్ నడిపేవారు గాలికి తగ్గట్టు కాక, పడబోయే నీటికి తగ్గట్టు దుస్తులు వేసుకోవాలి. డ్రైసూట్ ఎంపిక ఈ ఒక్క సూత్రం నుంచే మొదలవుతుంది.

చన్నీటిలో శరీరం

నీటి ఉష్ణవాహకత గాలి కంటే దాదాపు 25 రెట్లు ఎక్కువ. ఒకే ఘనపరిమాణం గల నీటిని, గాలిని ఒక్కొక్క డిగ్రీ వేడెక్కించాలంటే నీటికి దాదాపు 3,500 రెట్లు ఎక్కువ వేడి కావాలి. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకొని నష్టాన్ని కొంత ఆపుతాయి కాబట్టి శరీరం మొత్తం 25 రెట్ల వేగంతో చల్లబడిపోదు. అయినా గాలిలో ఓర్చుకోగలిగిన ఉష్ణోగ్రతే నీటిలో ప్రాణాంతకమవుతుంది.

చన్నీటి మరణం అనగానే చాలామందికి హైపోథెర్మియా, అంటే శరీర అంతర్భాగపు ఉష్ణోగ్రత 35°C కంటే కిందికి పడిపోవడం గుర్తొస్తుంది. నిజానికి తొలి ముప్పు అంతకంటే చాలా ముందే వస్తుంది. చర్మం హఠాత్తుగా చల్లబడగానే మనిషి అప్రయత్నంగా పెద్ద ఊపిరి లాగుతాడు. ఆ వెంటనే శ్వాస అదుపు తప్పి ఎగశ్వాసగా మారుతుంది. గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతాయి. దీన్ని శీతాఘాతం అనవచ్చు. బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ టిప్టన్ ఈ ప్రతిచర్యను దశాబ్దాలుగా పరిశోధించారు. కయాక్ తిరగబడిన మనిషి తల నీటి కిందే ఉంటుంది. ఆ క్షణాన లాగిన ఊపిరితో ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది నీరే. ఈతలో ఎంత నేర్పున్నా ఈ ప్రతిచర్యను సంకల్పబలంతో ఆపడం సాధ్యం కాదు.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ దశలను గుర్తుపెట్టుకోవడానికి 1–10–1 అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చారు. గడ్డకట్టేంత చల్లని నీటిలో పడ్డవారికి శ్వాసను అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు పనికొచ్చేలా కదిలించడానికి పది నిమిషాలు, స్పృహ తప్పేలోపు సుమారు ఒక గంట ఉంటాయని దాని సారాంశం. రెండో దశలో ముంజేతి కండరాలు, నరాలు చల్లబడతాయి. అప్పుడు తెడ్డును పట్టుకోవడం, తాడు ముడి విప్పడం, కయాక్ మీదికి తిరిగి ఎక్కడం ఏదీ చేతకాదు.

డ్రైసూట్ మూడు దశల్లోనూ సాయపడుతుంది. చర్మాన్ని నీరు నేరుగా తాకదు కాబట్టి శీతాఘాతం తగ్గుతుంది. కండరాలు ఎక్కువసేపు పనిచేస్తాయి. లోపలి వేడి నెమ్మదిగా పోతుంది.

వెట్‌సూటా, డ్రైసూటా?

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ 1950ల తొలినాళ్లలో నియోప్రీన్ వెట్‌సూట్‌ను రూపొందించారు. వెట్‌సూట్‌లోకి నీరు వస్తుంది. వచ్చిన కొద్ది నీరు ఒంటి వేడికి వెచ్చబడి అక్కడే ఉంటుంది. అసలైన రక్షణ మాత్రం నియోప్రీన్ నురుగులోని వాయు బుడగలది. ఎక్కువ వెచ్చదనం కావాలంటే మందం పెరగాలి. మందం పెరిగితే భుజాలు బిగుసుకుంటాయి. గంటలో వేలసార్లు తెడ్డు వేసేవారికి అది పెద్ద భారం. పైగా తడిసిన సూట్ నుంచి గాలికి నీరు ఆవిరవుతూ ఒంటి వేడిని లాగేస్తుంది.

డ్రైసూట్ నిర్మాణం వేరు. నీరు చొరని పలుచని బట్ట ఒంటినంతా కప్పుతుంది. మెడ, మణికట్టుల దగ్గర ఒంటికి అంటుకొనే గాస్కెట్లు, పాదాలకు బట్టతోనే కలిసిన సాక్సులు, ఒంటిమీదికి ఎక్కించుకోవడానికి నీరు చొరని జిప్పు ఉంటాయి. ఆ బట్ట తనంతట తాను వెచ్చదనాన్ని ఇవ్వదు. వెచ్చగా ఉంచేది లోపల వేసుకున్న ఉన్ని, ఫ్లీస్ దుస్తుల్లో చిక్కుకున్న పొడి గాలి. ఆ గాలిని పొడిగా ఉంచడమే సూట్ పని. అందువల్ల డ్రైసూట్ విలువ తేలేది బట్ట కంటే అతుకుల దగ్గర.

ఈ సంగతి గ్రీన్‌లాండ్ ఇన్యూట్ వేటగాళ్లకు శతాబ్దాల కిందటే తెలుసు. కయాక్‌లో వారు ధరించే తుయిలిక్ అనే తొడుగును సీల్ చర్మంతో కుట్టి, ముఖం చుట్టూ, మణికట్టుల వద్ద, కయాక్ నోటి అంచు చుట్టూ బిగించి కట్టేవారు. సూది చర్మాన్ని పూర్తిగా దాటకుండా సగం మందంలోనే నడిచేలా కుట్టేవారు. జంతువుల నరాలతో చేసిన దారం తడిసి ఉబ్బి, ఉన్న కాస్త సందునూ మూసేది. నేటి కర్మాగారాల్లో కుట్లపై అతికించే టేపు పరిష్కరించేది ఆ సమస్యనే.

బట్ట

రబ్బరు పూత పూసిన సాధారణ నైలాన్ నీటిని ఆపుతుంది, చెమట ఆవిరినీ ఆపుతుంది. గంట సేపు తెడ్డు వేశాక లోపలి ఫ్లీస్ చెమటకే తడిసిపోతే, బయటి నీటిని ఆపిన ప్రయోజనం సగం పోయినట్లే. 1969లో రాబర్ట్ గోర్ టెఫ్లాన్ పదార్థాన్ని హఠాత్తుగా సాగదీసి, సూక్ష్మరంధ్రాలున్న పొరగా మార్చవచ్చని కనుగొన్నారు. గోర్‌టెక్స్‌కు మూలం అదే. ఆ రంధ్రాలు నీటిబొట్టు కంటే ఎన్నో వేల రెట్లు చిన్నవి, నీటి ఆవిరి అణువు కంటే వందల రెట్లు పెద్దవి. పాలీయురెథేన్ పొరలతో చేసిన సూట్లు కూడా ఉన్నాయి. రంధ్రాలు లేని రకాల్లో ఆవిరి అణువులు పొర గుండా వ్యాపించి బయటపడతాయి.

ఆవిరిని బయటికి నెట్టేది లోపలి, బయటి ఆవిరి పీడనాల మధ్య తేడా. లోపల 30°C వద్ద గాలి సంతృప్తమై ఉంటే ఆవిరి పీడనం సుమారు 4.2 కిలోపాస్కల్స్. బయట 8°C వద్ద సంతృప్త గాలిలో అది 1.1 మాత్రమే. ఈ తేడా ఉన్నంతవరకు చెమట బయటికి పోతుంది. అయితే బయటి బట్ట నానిపోయి దానిపై నీటి పొర పరచుకుంటే ఆ దారి మూసుకుంటుంది. ముసురు పట్టిన రోజున దండెం మీది బట్టలు ఆరనట్టే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. బట్టపై నీటిని జారవిడిచే పూత అందుకే అవసరం. ఉప్పు, మురికి పేరుకుంటే ఆ పూత పనిచేయదు కాబట్టి ప్రతి ప్రయాణం తరువాత సూట్‌ను మంచినీటితో కడగాలి.

కొనేముందు ఇంకొక విషయం ఆలోచించాలి. కాళ్లు కయాక్ లోపల, ఛాతీ లైఫ్‌జాకెట్ కింద ఉంటాయి. ఆవిరికి నిజంగా మిగిలే దారి భుజాలు, చేతులు. పొర నాణ్యత అక్కడ బాగుండాలి. మోకాళ్లు, పిరుదుల దగ్గర బట్ట రాపిడిని తట్టుకొనేంత దృఢంగా ఉండాలి.

గాస్కెట్లు, జిప్పు

లేటెక్స్ గాస్కెట్ బాగా సాగి, ఒంటికి అతుక్కొని, నీటిని అన్నిటికంటే బాగా ఆపుతుంది. దానికి శత్రువులు ఎండ, ఓజోన్, నూనెలు. సన్‌స్క్రీన్ కూడా దాన్ని పాడుచేస్తుంది. వయసు మీరిన గాస్కెట్ ముందస్తు హెచ్చరిక లేకుండా చిరుగుతుంది. నియోప్రీన్ మెడ సుఖంగా ఉంటుంది, కానీ కొద్దిగా నీరు ఊరుతుంది. లేటెక్స్ పడనివారికి సిలికాన్ గాస్కెట్లు ఉన్నాయి.

కొత్త గాస్కెట్ బిగుతుగా అనిపించడం సహజమే. మెడ దగ్గర మాత్రం అతి బిగుతును ఓర్చుకోకూడదు. మెడలోని కెరోటిడ్ ధమని దగ్గర ఒత్తిడిని గ్రహించే నాడులుంటాయి. అక్కడ ఎక్కువ నొక్కితే గుండె వేగం పడిపోయి కళ్లు తిరగవచ్చు. తయారీదారు సూచనల ప్రకారం గాస్కెట్‌ను సాగదీయాలి, లేదా అంచును కొద్దికొద్దిగా కత్తిరించాలి. మణికట్టు దగ్గర మరో చిక్కు ఉంది. తెడ్డును గట్టిగా పట్టినప్పుడు స్నాయువులు పైకి తేలి వాటి మధ్య గాడి పడుతుంది. ఆ గాడి వెంట నీరు దూరుతుంది. కొనేటప్పుడు పిడికిలి బిగించి చూడాలి. సూట్ తొడిగేముందు గాజులు, వాచీ, ఉంగరాలు, మెడలోని గొలుసులు తీసిపెట్టాలి. వాటి కొసలు లేటెక్స్‌ను క్షణంలో చీలుస్తాయి.

జిప్పుల్లో ఇత్తడివి దృఢమైనవి, కానీ బిరుసు. ఉప్పునీటికి తుప్పు పట్టకుండా కడిగి మైనం రాస్తుండాలి. ప్లాస్టిక్‌వి తేలికగా వంగుతాయి, ఇసుక చేరకుండా చూసుకోవాలి. ఏ రకమైనా చివరి అంగుళం దాకా మూసుకోకపోతే సూట్ అంతా వృథా. నీటిలోకి దిగేముందు తోటివారి జిప్పును చేత్తో తడిమి చూడటం ప్రతి బృందానికీ నియమం కావాలి. మూత్రవిసర్జనకు వేరే జిప్పు ఉన్న సూట్‌ను ఎంచుకోవడం మేలు. అది లేకపోతే చాలామంది నీళ్లు తాగడం మానేస్తారు. ఒంట్లో నీరు తగ్గితే అలసట త్వరగా వస్తుంది.

కొలత, లోదుస్తులు, పరీక్ష

చలికాలపు ఫ్లీస్ తొడుక్కునే సూట్ కొలత చూసుకోవాలి. గొంతుక్కూర్చుని, చేతులు పైకెత్తి, నడుము తిప్పి చూడాలి. మరీ వదులైతే లోపల గాలి చేరి, నీటిలో కదలడం కష్టమవుతుంది. అందుకే సూట్ తొడిగాక మెడ గాస్కెట్‌ను కొద్దిగా తెరిచి, గొంతుక్కూర్చుని లోపలి గాలిని బయటికి నొక్కేయాలి.

నీటిలో మునిగినప్పుడు నీటి ఒత్తిడికి దుస్తులు నలిగి, వాటిలోని గాలి తగ్గుతుంది. కాబట్టి నొక్కినా తిరిగి లేచే ఫ్లీస్, మెరీనో ఉన్ని మంచివి. నూలు బట్ట తేమను పట్టుకొని ఒంటిని చల్లబరుస్తుంది. దాన్ని పూర్తిగా వదిలేయాలి. వేసవిలో సూట్ మానడం కంటే లోపల పలుచని ఒక్క పొర వేసుకొని, ఉక్కగా ఉన్నప్పుడు సూట్ మీద నీళ్లు చల్లుకోవడం సరైన పద్ధతి. తలకు, చేతులకు విడిగా నియోప్రీన్ టోపీ, చేతితొడుగులు కావాలి. అలల మధ్య దూరానికి కనిపించేవి నారింజ, పసుపు రంగులు. నీలం, నలుపు కనిపించవు.

కొన్న సూట్‌తో ముందుగా ఒడ్డు దగ్గర, తోడు ఉండగా, మెడలోతు నీటిలో పావుగంట తేలి చూడాలి. ఎక్కడ తడి తగులుతోందో, ఎక్కడ చలి పుడుతోందో శరీరమే చెబుతుంది. తిరగబడ్డ కయాక్‌పైకి ఎక్కే సాధన కూడా అక్కడే చేయాలి. డ్రైసూట్ ఉన్నా లైఫ్‌జాకెట్ తప్పనిసరి. సూట్‌లో చిక్కిన గాలి మీద ఆధారపడి తేలాలనుకోవడం పొరపాటు.

మంచి సూట్‌కు వెయ్యి డాలర్ల పైనే ఖర్చవుతుంది. ఆ స్తోమత లేనప్పుడు అద్దెకు తీసుకోవచ్చు. అదీ వీలుకాకపోతే ఆగస్టులో లేక్ వాషింగ్టన్ వంటి సరస్సును ఎంచుకోవచ్చు. అప్పుడు దాని పైనీరు 20°C దాటుతుంది. అక్కడ కూడా లైఫ్‌జాకెట్ వదలకూడదు. పాత సూట్ కొనేవారు ముందు గాస్కెట్లను సాగదీసి, జిప్పును చివరిదాకా మూసి చూశాకే బట్ట సంగతి అడగాలి. కొత్తది కొనేవారికైనా అదే వరుస వర్తిస్తుంది: ముందు నీటి ఉష్ణోగ్రత, తరువాత గాస్కెట్లు, జిప్పు, కొలత, లోదుస్తులు, చివరగా బ్రాండు, రంగు, ధర. ఈ వరుసను పాటించిన కొనుగోలుదారుకు నీటిలో పడ్డ తొలి నిమిషంలో ఊపిరి తన అదుపులోనే ఉండే అవకాశం పెరుగుతుంది. ఆ తరువాత చేయవలసిన ప్రతి పనికీ ఆధారం ఆ ఊపిరే.