తెలంగాణలో విద్యుత్తు వాహనాలకు ఆర్థిక ప్రోత్సాహకాలు

తెలంగాణ రాష్ట్రములో వ్యాపార అవసరాలకు విద్యుత్తు వాహనాలు కొనేవారికి, ఛార్జింగ్ కేంద్రాలు నెలకొల్పేవారికి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పన్ను మినహాయింపులు, సబ్సిడీలు కల్పించాయి. ఇవన్నీ ఒకే పథకము కావు. వేర్వేరు చట్టాల, ఉత్తర్వుల కింద వచ్చినవి కనుక, ఒకే వాహనము కొన్న ఇద్దరికి కలిగే లాభము ఒకటిగా ఉండదు.

రాష్ట్ర ప్రభుత్వ మినహాయింపులు

రాష్ట్ర విద్యుత్తు వాహనాల, ఇంధన నిల్వ విధానము 2020 అక్టోబరు 30న విడుదలైనది. మొదటి 2,00,000 ద్విచక్ర వాహనాలకు, 20,000 ఆటోలకు, 10,000 తేలికపాటి సరుకు వాహనాలకు, 5,000 టాక్సీలకు, 500 బస్సులకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము పూర్తిగా రద్దు చేసినారు. పాత ఆటోను విద్యుత్తు ఆటోగా మార్చుకునేవారికి ఖర్చులో 15 శాతము, రూ.15,000కు మించకుండా ఇస్తామన్నారు. 2024 నవంబరు 18 నుండి అమలైన ఉత్తర్వు ఈ సంఖ్యా పరిమితులను తొలగించి, మినహాయింపును 2026 డిసెంబరు 31 వరకు ఇచ్చినది. సంస్థలు తమ ఉద్యోగుల రాకపోకలకు నడిపే బస్సులకు కూడా ఇది వర్తిస్తుంది, అద్దెకు తిప్పే బస్సులకు వర్తించదు.

పన్ను ఎక్కువ ఉన్నచోటే మినహాయింపు విలువ ఎక్కువ. 2022లో సవరించిన రేట్ల ప్రకారము రూ.10 లక్షల నుండి 20 లక్షల వరకు ధర గల సొంత కారుకు జీవిత పన్నును 17 శాతముగా నిర్ణయించినారు. అంటే ఆ రేటు ప్రకారము రూ.15 లక్షల కారుపై రూ.2,55,000 మిగిలేది. విధానములో ట్రాక్టర్ల పేరు కూడా ఉన్నది కాని, వాటికి వ్యవసాయ ట్రాక్టర్లకు అప్పటికే అమలులో ఉన్న నియమాలనే వర్తింపజేసినారు. కనుక రైతుకు ఇది కొత్త లాభమేమీ కాదు.

కేంద్ర సబ్సిడీలు

2019 ఏప్రిల్ 1న మొదలైన ఫేమ్ రెండవ దశ 2024 మార్చి 31న ముగిసినది. అందులో కార్లకు ఇచ్చిన సబ్సిడీ అద్దె, రవాణా వాహనాలకే పరిమితము. దాని స్థానములో 2024 అక్టోబరు 1న రూ.10,900 కోట్లతో పీఎం ఈ-డ్రైవ్ వచ్చినది. ఇందులో కార్లకు సబ్సిడీ లేదు. మూడు చక్రాల వాహనాలలో సరుకు రవాణా చేసే తరగతికి మొదటి సంవత్సరము గరిష్ఠంగా రూ.50,000, రెండవ సంవత్సరము రూ.25,000గా నిర్ణయించినారు. ఈ మొత్తమును అమ్మకందారు ధరలోనే తగ్గించేవాడు, తయారీదారు తరువాత ప్రభుత్వము నుండి రాబట్టుకునేవాడు.

జీఎస్టీ, ఆదాయపు పన్ను

విద్యుత్తు వాహనాలపై జీఎస్టీని 2019 ఆగస్టు 1 నుండి 12 శాతమునకు బదులు 5 శాతము చేసినారు. ఛార్జర్లపై 18 శాతము కూడా 5 శాతమైనది. అయితే 2025 సెప్టెంబరు 22 నుండి డీజిలు, పెట్రోలు సరుకు వాహనాలపై పన్నును 28 నుండి 18 శాతమునకు తగ్గించడముతో రెండింటి మధ్య తేడా 23 నుండి 13 శాతమునకు పడిపోయినది. పైగా జీఎస్టీ నమోదు ఉండి, పన్ను వర్తించే సరుకు అమ్మే వ్యాపారి, సరుకు వాహనముపై కట్టిన పన్నును ఎలాగూ ఇన్‌పుట్ క్రెడిట్టుగా తిరిగి పొందగలడు. ఆ వెసులుబాటు లేనివారికే 5 శాతము రేటు నిజముగా కలిసివస్తుంది.

ఆదాయపు పన్నులో దీనికి తలకిందులైన పరిస్థితి కనిపిస్తుంది. 1961 చట్టము కింద విద్యుత్తు వాహనాలకు తరుగుదల 40 శాతము, మామూలు కార్లకు 15 శాతము ఉండేది. కాని ఒక్కో లారీకి, ట్రాలీకి నెలకింత అని అంచనా ఆదాయము చూపే ఆ చట్టములోని 44ఏఈ సెక్షను కింద తరుగుదలను విడిగా తగ్గించుకోవడానికి వీలుండేది కాదు. ఖాతా పుస్తకాలు వ్రాసే పెద్ద సంస్థకు దొరికే ఈ లాభము ఒక ట్రాలీ ఆటో యజమానికి దొరకదు.

ఛార్జింగ్ కేంద్రాలు

వాహనాలను ఛార్జి చేయడము విద్యుత్తు అమ్మకము కాదని కేంద్ర విద్యుత్తు మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్ 13న స్పష్టము చేసినది. అందువలన కేంద్రము పెట్టడానికి లైసెన్సు అవసరము లేదు. అసలు భారము ట్రాన్స్‌ఫార్మరు, తీగలు, ఛార్జరుదే. పీఎం ఈ-డ్రైవ్‌లో దీనికి రూ.2,000 కోట్లు ప్రత్యేకించినారు కాని, ప్రాధాన్యము పెద్ద నగరాలకు, రద్దీ ఎక్కువగల రహదారులకు ఇచ్చినారు.

నిజామాబాదు జిల్లాలో

నిజామాబాదు-2 డిపోకు ఆర్టీసీ విద్యుత్తు బస్సులు కేటాయించినది. వీటిని సంస్థ కొనలేదు. బస్సులు, డ్రైవర్లు ప్రైవేటు కంపెనీవి. ఆర్టీసీ కిలోమీటరుకింత చొప్పున చెల్లించి, కండక్టరును తానే ఇస్తుంది. బోధన్ వైపున వర్ని మండలము నుండి విడదీసి ఏర్పాటు చేసిన మోస్రా మండలము వంటి ప్రాంతాలలో పరిస్థితి వేరు. ఇది నిజాంసాగర్ ఆయకట్టు ప్రాంతము. బోధన్ చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. ఇప్పుడు ఇక్కడి రవాణాలో ముఖ్యమైనది వరి ధాన్యము. ట్రాక్టరు, లారీల పనిని ఇప్పటి విద్యుత్తు ట్రాలీలు చేయలేవు. కాని కిరాణా సరుకులు, గ్యాసు బండలు, ఎరువుల బస్తాలు దగ్గరి ఊళ్ళకు చేరవేసే ట్రాలీ ఆటో రాత్రివేళ ఇంటి వద్దనే ఛార్జి కాగలదు, అందుకు కేంద్ర నియమాల అనుమతి కూడా ఉన్నది. అటువంటి యజమానికి మిగిలేవి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము, జీఎస్టీలోని తేడా, సబ్సిడీ ఉన్న కాలములో కొని ఉంటే ఆ సొమ్ము. బ్యాటరీ మార్చవలసి వచ్చినప్పుడు అయ్యే ఖర్చుకు పైన చెప్పిన సబ్సిడీలేవీ వర్తించవు.