ఉచిత డెలివరీ.. లెక్క చూసుకుంటేనే చౌక

పురుగుమందు కొట్టే స్ప్రేయరు మొదలు పిల్లల బూట్ల వరకు ఇప్పుడు పల్లెవాసులు సైతం సెల్‌ఫోన్‌లోనే కొనుగోలు చేస్తున్నారు. ధర తక్కువ, పైగా ‘డెలివరీ ఉచితం’ అని ఉండటంతో వినియోగదారులు ఆన్‌లైన్ వైపు మొగ్గు చూపుతున్నారు. అయితే గోదాము నుంచి సరకు ఊరికి చేరాలంటే ఎవరో ఒకరు ఖర్చు భరించక తప్పదు. చాలాసార్లు అది ధరలోనే కలిసి ఉంటుంది.

ఉదాహరణకు ఒకే రకం టార్చిలైటు ఒక యాప్‌లో రూ.249, రవాణా చార్జీ రూ.60 అని, మరో యాప్‌లో రూ.329, డెలివరీ ఉచితం అని ఉందనుకుందాం. మొదటిది రూ.309కే ఇంటికి వస్తుంది. ఉచితమన్నదే రూ.20 ఎక్కువ! చివరి పేజీలో కనిపించే మొత్తాన్నే పోల్చి చూడాలి.

నిర్ణీత మొత్తానికి మించి కొంటేనే ఉచితమనే షరతు మరొకటి. రూ.500 పరిమితి ఉన్నచోట రూ.430 సరకు తీసుకున్నవారు, రూ.40 చార్జీ తప్పించుకునేందుకు అక్కరలేని రూ.90 వస్తువును చేరుస్తుంటారు. రూ.470తో పోయేది రూ.520 అవుతుంది. నెలనెలా వాడే సబ్బులో, టూత్‌పేస్టో అయితే ఫరవాలేదు. ఇరుగుపొరుగు వారు కలిసి ఒకే ఆర్డరు పెట్టుకోవడం ఇంకా మేలు.

కొట్టివేసిన ధరను చూసి మురిసిపోరాదు. 2018 జనవరి 1 నుంచి ప్యాకెట్ సరకులకు గరిష్ఠ చిల్లర ధర, నికర పరిమాణం ఆన్‌లైన్‌లోనూ చూపడం తప్పనిసరి. ఆ పరిమాణాన్ని బట్టి కిలోకు ఎంత పడుతుందో లెక్కించి, ఊళ్లోని కిరాణా కొట్టు ధరతోనూ సరిచూసుకోవాలి. కందిపప్పు, నూనె వంటివి కొట్టులోనే చౌకగా దొరికే సందర్భాలు తక్కువేమీ కావు.

అసలు చిక్కు మారుమూల గ్రామాల వారికే. ఇంటికే తెస్తామన్న కొరియర్ సిబ్బంది ‘మండల కేంద్రానికి వచ్చి తీసుకెళ్లండి’ అని ఫోన్ చేయడం పల్లెల్లో కొత్త కాదు. రానుపోను చార్జీలు, పోగొట్టుకున్న పూట కూలి కలిపితే ఇక ఉచితం ఎక్కడిది? కొనేముందే పిన్‌కోడ్ కొట్టి ఊరికి డెలివరీ ఉందో లేదో చూడాలి. వస్తువు నచ్చకపోతే వచ్చి వెనక్కు తీసుకెళ్తారా, రవాణా చార్జీ తిరిగి ఇస్తారా అన్నదీ అక్కడే చదువుకోవాలి.

2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మొత్తం ధరతోపాటు రవాణా తదితర చార్జీలను విడివిడిగా చూపాలి. చెల్లింపు వేళ కొత్త చార్జీలు బయటపెట్టడం, అడగని వస్తువును కార్టులో చేర్చడం వంటివాటిని 2023 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలతో నిషేధించింది. సంస్థలోని ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. స్పందన లేకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. నకిలీ సైటులో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు తెలపాలి.

అప్పటికీ న్యాయం జరగకుంటే విక్రేత ఎక్కడున్నా, వినియోగదారుడు తాను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే రుసుము ఉండదు. బిల్లు, ఆర్డరు వివరాలు, ప్యాకింగ్‌పై అతికించిన చీటీ భద్రపరచుకోవాలి.