చీజ్ ఎందుకు విరుగుతుంది? పక్కన పచ్చిపులుసు ఎందుకు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇండ్లలోకి చీజ్ రెండు దారుల్లో వచ్చింది. మొదటిది గల్ఫ్ దారి. దుబాయి నుంచో సౌదీ నుంచో సెలవు మీద వచ్చేవాళ్లు విప్పే అట్టపెట్టెల్లో నిడో పాలపొడి, టాంగ్ డబ్బాల సరసన నీలిరంగు క్రాఫ్ట్ చెడ్డర్ డబ్బా కూడా కనబడేది. రెండోది అమెరికా దారి. అక్కడ పుట్టిన మనవలు, మనవరాండ్లు ఎండాకాలం సెలవులకు వచ్చి ‘మ్యాక్ అండ్ చీజ్’ కావాలంటారు. మ్యాకరోని నానమ్మకు కొత్తది కాదు. ఉల్లిగడ్డ, టమాట, పచ్చిమిర్చి వేసి ఉప్మాలాగా చేస్తూనే ఉంది. పిల్లలు అడిగేది మాత్రం అది కాదు. వాళ్లకు కావలసింది వెన్నలా జారే పసుపుపచ్చని చీజ్ సాస్. అది చేయబోతేనే తంటా వస్తుంది. పాలు మరుగుతుంటే చీజ్ తురిమి వేస్తారు, అది పలుకులు పలుకులుగా విరిగి పైన నూనె తేలుతుంది.

ఎందుకలా విరుగుతుంది?

చీజ్ అంటే కేసిన్ అనే పాల ప్రోటీన్ అల్లుకున్న వల. ఆ వలలో కొవ్వు, నీళ్లు చిక్కుకొని ఉంటాయి. వల ముడులు ఊడిపోకుండా పట్టి ఉంచేది కాల్షియం. సన్నని వేడి తగిలితే, సుమారు 60 డిగ్రీల దగ్గర, వల సడలి చీజ్ కరుగుతుంది. మంట అక్కడితో ఆగకపోతే ప్రోటీన్ పోగులు బిగుసుకొని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. లోపలి నీళ్లను పిండేస్తాయి, కొవ్వును బయటికి తోసేస్తాయి. గంజులో కనబడే పలుకులు ఆ బిగిసిన ప్రోటీన్, పైన తేలేది ఆ కొవ్వు. పులుపు తగిలినా ఇదే జరుగుతుంది. నిమ్మరసం పిండితే పాలు విరిగినట్టు, సాస్‌లో టమాటనో నిమ్మరసమో పడితే కేసిన్ గడ్డకడుతుంది. ఈ పులుపు సంగతి గుర్తుంచుకోండి. పక్కన ఏం పెట్టాలన్న ప్రశ్నకు జవాబు అక్కడి నుంచే వస్తుంది.

మరి ఎలా ఆపాలి?

పాత పద్ధతి మైదా. నలుగురికి చేసేటప్పుడు 200 గ్రాముల మ్యాకరోనికి 30 గ్రాముల వెన్న, అంతే తూకం మైదా, అర లీటరు పాలు, 200 గ్రాముల చీజ్ సరిపోతాయి. వెన్న కరిగించి మైదా వేసి, రంగు మారకుండా పచ్చివాసన పోయేదాకా రెండు నిమిషాలు కలపాలి. పాలు ఒక్కసారే కుమ్మరిస్తే ఉండలు కడతాయి కాబట్టి కొద్దికొద్దిగా పోస్తూ గంటె ఆపకుండా తిప్పాలి. ఒక పొంగు వచ్చి చిక్కబడిందా, పొయ్యి ఆర్పేయండి. చీజ్ తురుము వేయాల్సింది ఆ తర్వాతే. ఆ గంజు వేడి చాలు, మంట అక్కర్లేదు. మైదాలోని పిండి పదార్థం ఉబ్బి ప్రోటీన్ పోగుల మధ్య అడ్డుగా నిలబడుతుంది, అవి ఒకదాన్నొకటి పట్టుకోనివ్వదు.

పాలు బర్రెపాలైతే కొంచెం లెక్క మార్చాలి. వాటిలో కొవ్వు ఆరేడు శాతం దాకా ఉంటుంది, కేసిన్ కూడా ఆవుపాలలో కంటే ఎక్కువ. అలాగే పోస్తే సాస్ జిడ్డుగా, ముద్దగా తయారవుతుంది. మీగడ తీసేసి, ఇంకో వంద మిల్లీలీటర్ల పాలు ఎక్కువ పోస్తే సరిపోతుంది. ప్యాకెట్ పాలలో టోన్డ్ రకం ఈ పనికి నయం.

రెండో పద్ధతి దుకాణంలోనే చేసిపెట్టి ఉంటుంది. జేమ్స్ క్రాఫ్ట్ 1916లో ప్రాసెస్డ్ చీజ్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు మనం కొనే చీజ్ క్యూబ్‌లు, స్లైస్‌లు ఆ కోవకే చెందుతాయి. వాటిలో సోడియం సిట్రేట్, ఫాస్ఫేట్ లాంటి లవణాలు కలుపుతారు. లేబుల్ మీద 331, 339 అంకెలు కనబడితే అవే. అవి కేసిన్‌ను పట్టి ఉంచే కాల్షియాన్ని లాక్కుంటాయి. ముడులు వదులైన ప్రోటీన్ కొవ్వునూ నీళ్లనూ కలిపి పట్టుకుంటుంది, అంత తొందరగా విరగదు. రుచి మాత్రం చప్పగా ఉంటుంది. అందుకని నేనైతే ప్రాసెస్డ్ చీజ్ రెండు పాళ్లు, దొరికితే ముదురు చెడ్డర్ ఒక పాలు కలుపుతాను. పిజ్జా కోసం కొన్న మోజరెల్లా ఒక్కటే వేయకండి. అది సాస్ కాదు, తీగలు సాగుతుంది.

గల్ఫ్ ఇండ్లలో మూడో పద్ధతి కూడా ఉంది. కరక్ చాయ్ కోసం తెచ్చుకునే రెయిన్‌బో పాల డబ్బాలో ఉండేవి సగానికి పైగా నీళ్లు ఇగిరిన పాలు. ఉడికిన మ్యాకరోనిలో ఆ పాలు 200 మిల్లీలీటర్లు, ప్రాసెస్డ్ చీజ్ 200 గ్రాములు వేసి సన్నమంట మీద కలిపితే మైదా లేకుండానే సాస్ వస్తుంది. మిల్క్‌మెయిడ్ డబ్బా వేరు. అది చక్కెర కలిపినది, పొరపాటున పోస్తే పాయసమే.

పనీర్ వేస్తే కాదా?

చాలామంది అడిగేది ఇదే. పనీరూ చీజే కదా అంటారు. కానీ పనీర్ పులుపుతో విరిచినది. మరిగే పాలలో నిమ్మరసమో పులిసిన తేటో పడగానే కాల్షియం కరిగి తేటలోకి పోతుంది. మరిగించడం వల్ల పాలలోని మిగతా ప్రోటీన్లు కూడా కేసిన్‌కు అతుక్కుపోతాయి. సడలడానికి వీలున్న ముడులు ఇక అందులో ఉండవు. వేడి చేసిన కొద్దీ నీళ్లు వదిలి గట్టిపడుతుందే తప్ప కరగదు. పాలక్ పనీర్‌లో ముక్క ముక్కలాగే ఉండేది అందుకే. చెడ్డర్‌ను రెన్నెట్ అనే ఎంజైమ్‌తో తోడు పెడతారు, కాబట్టి దాని కాల్షియం చాలావరకు లోపలే ఉంటుంది.

మ్యాకరోనిని చల్లనీళ్లతో కడగాలా?

వద్దు. నూడుల్స్‌కు అలవాటైన చెయ్యి ఇక్కడా జల్లెడను నల్లా కింద పెడుతుంది. కడిగితే పైనున్న పిండి జిగురు పోతుంది, సాస్ అంటుకునేది ఆ జిగురుకే. ఉడికే నీళ్లలో నూనె కూడా పోయకండి, సాస్ జారిపోతుంది. రెండు లీటర్ల నీళ్లు, ఒక పెద్ద చెంచా ఉప్పు చాలు. ప్యాకెట్ మీద ఎనిమిది నిమిషాలని ఉంటే ఆరుకే దించాలి, మిగతా రెండు నిమిషాల పని సాస్ చేస్తుంది. డ్యూరం గోధుమతో చేసినదైతే గట్టిగా నిలుస్తుంది. మామూలు రవ్వతో చేసినది చప్పున మెత్తబడుతుంది, ఐదో నిమిషం నుంచే కొరికి చూడాలి. ఉడికిన నీళ్లు ఒక గ్లాసెడు పక్కన పెట్టుకోండి. సాస్ మరీ చిక్కబడితే, కొంచెం విరిగినట్టు కనబడినా, పొయ్యి మీది నుంచి దించి ఆ వేడినీళ్లు రెండు చెంచాలు, ఒక చీజ్ స్లైస్ వేసి గట్టిగా గిలకొడితే చాలాసార్లు తిరిగి కలుస్తుంది.

పసుపు వేయొచ్చా?

నిక్షేపంగా. అమెరికాలో క్రాఫ్ట్ కంపెనీ తన డబ్బా మ్యాకరోనిలో కృత్రిమ రంగులు తీసేస్తామని 2015లో ప్రకటించింది. 2016 నుంచి వాటి బదులు మిరపపొడి జాతి పాప్రికా, అనాటో గింజల రంగు, పసుపు వాడుతోంది. కోరుట్ల, మెట్‌పల్లి చేన్లలో పసుపు పండించేవాళ్ల మనవడికి ఆ రంగు ఎక్కడిదో చెప్పాల్సిన పని లేదు. చిటికెలో సగం చాలు, ఎక్కువైతే పచ్చివాసన వస్తుంది. దాంతోపాటు పావు చెంచా ఆవపిండి కూడా వేయండి. దాని ఘాటు వేడికి పోతుంది, చీజ్ రుచి మాత్రం పదునెక్కుతుంది.

ఇక పక్కన ఏం పెట్టాలి?

పళ్లెంలో ఇప్పుడున్నదంతా మెత్తన, ఉప్పన, జిడ్డు. నాలుగు ముద్దలకే నాలుక మీద కొవ్వు పొర కట్టి రుచి తెలియకుండా పోతుంది. పులుపు తగిలితే నోట్లో నీరూరి ఆ పొర కొట్టుకుపోతుంది. గంజులో పడితే సాస్‌ను విరిచే ఆ పులుపు, పళ్లెం అంచున ఉంటే తినేవాడికి ఆకలి పుట్టిస్తుంది.

ఈ వంట పుట్టు పూర్వోత్తరాల్లో కూడా ఇదే కనబడుతుంది. అమెరికాలో దీని గురించి చెప్పుకొనేటప్పుడు ముందుగా వచ్చే పేరు జేమ్స్ హెమింగ్స్‌ది. తర్వాత అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ ఇంట్లో బానిసగా ఉంటూ 1780లలో పారిస్‌లో వంట నేర్చుకున్నాడు. అమెరికా దక్షిణాది నల్లజాతి కుటుంబాల పండుగ భోజనంలో మ్యాకరోని పక్కన కాలర్డ్ అనే ఆకుకూర ఉంటుంది, దాని మీద వెనిగర్ చల్లుకుంటారు.

మనకు వెనిగర్ అవసరమే లేదు, పుంటికూర ఉంది. పప్పులో వేయకుండా ఎండుమిర్చి, ఎల్లిగడ్డ వేసి నూనెలో మగ్గించిన పుంటికూర రెండు చెంచాలు చాలు. దానికంటే నాకు నచ్చేది పచ్చిపులుసు. చింతపండు రసంలో కాల్చిన మిర్చి, ఉల్లిగడ్డ ముక్కలు, జీలకర్ర పిసికి, పోపు పెట్టి, చిన్న గ్లాసులో పోసి పళ్లెం పక్కన పెట్టండి. మధ్యమధ్యన గుక్కెడు తాగాలి. నువ్వులపొడి వేసే అలవాటున్నా ఈసారికి ఆపండి, జిడ్డుకు జిడ్డు తోడవుతుంది. ఎండాకాలమైతే జగిత్యాల దగ్గరి చల్‌గల్ మామిడి మార్కెట్‌కు కాయలు వచ్చే రోజులు కాబట్టి పచ్చి మామిడి చీలికలు, ఉప్పు కారం. వానాకాలమైతే బొగ్గుల మీద కాల్చిన మక్కకంకి, పైన నిమ్మచెక్క రుద్ది.

కరకర కూడా కావాలి. అమెరికావాళ్లు ఓవెన్‌లో పైన బ్రెడ్ పొడి చల్లి ఎర్రగా కాలుస్తారు. ఓవెన్ లేకుంటే సకినాలు దంచి వడ్డించేటప్పుడు పైన చల్లండి. నువ్వులు, వాము చీజ్‌కు బాగా అతుకుతాయి. సర్వపిండి పెడదామని చెయ్యి లాగుతుంది కానీ, బియ్యప్పిండి, పల్లీలు కలిసి పొట్ట నిండిపోతుంది. మాంసం కావాలంటే వేపుడు కోడి మంచిది, పులుసు కోడి వద్దు. పప్పు, పెరుగు, ఆలుగడ్డ కూర, చపాతీ ఆ పూటకు మానేయండి.

అందరూ ఒకేసారి తినకపోతే?

సిరిసిల్లలో ఇదే అసలు చిక్కు. మరమగ్గాల మీద పగటి షిఫ్టువాళ్లు, రాత్రి షిఫ్టువాళ్లు ఒకే ఇంట్లో ఉంటే భోజనాల వేళలు కలవవు. కలిపి పెట్టిన మ్యాకరోని సాస్‌ను పీల్చుకుంటుంది, మైదా చల్లారి గడ్డకడుతుంది. గంటలోపే గంటె దిగని ముద్దవుతుంది. అందుకని సాస్‌ను కొంచెం పల్చగా చేసి విడిగా మూతపెట్టాలి. ఉడికిన మ్యాకరోనికి మాత్రం ఒక చెంచా వెన్న పట్టించి వేరే గిన్నెలో ఉంచాలి. ఎవరు వచ్చినప్పుడు వాళ్లకు సరిపడా సాస్ తీసి, రెండు మూడు చెంచాల పాలు పోసి సన్నమంట మీద మెల్లగా కరిగించి, అప్పుడు మ్యాకరోని వేసి కలపండి. వేసవిలో ఒకటి రెండు గంటలకు మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. కలిపేసినది మిగిలితే మరునాడు అదే పాల చిట్కా పనిచేస్తుంది, కాకపోతే పాలు ఇంకొంచెం ఎక్కువ పడతాయి.