అమ్మానాన్నలతో కేదార్‌నాథ్: టికెట్ తీసే ముందు ఫోన్‌లో చూడాల్సినవి

ఈరోజు టాపిక్ కేదార్‌నాథ్. అయితే ఇది వ్లాగ్ కాదండోయ్. డ్రోన్ షాట్లు, గూస్‌బంప్స్ మ్యూజిక్ ఇవేవీ ఉండవు. ఆ వీడియోలు మీరు ఈపాటికే చాలా చూసుంటారు. మీకే కాదు, అమ్మకి, నాన్నకి కూడా వాట్సాప్‌లో వచ్చుంటాయి. చూసి, "ఒక్కసారి మమ్మల్ని తీసుకెళ్లరా" అని అడిగుంటారు.

ఇక అక్కడి నుంచి పని మనదే కదా. రైలు టికెట్, రూమ్, రిజిస్ట్రేషన్, హెలికాప్టర్... ఇంట్లో ఫోన్ బాగా తెలిసిన వాళ్లం మనమే. పెద్దవాళ్లు మన చేతిలో పెట్టేది డబ్బు ఒక్కటే కాదు, వాళ్ల ఆరోగ్యం కూడా. ప్రతి సీజన్‌లో ఆ దారిలో గుండె ఆగిపోయి, ఊపిరాడక యాత్రికులు చనిపోయారని వార్తలు వస్తూనే ఉంటాయి. అందుకే ఈ ఎపిసోడ్‌లో నేను ఏ సైట్ దేనికి, దాన్ని ఎలా చదవాలి, దాన్ని బట్టి ప్లాన్ ఎలా మార్చుకోవాలి, ఈ మూడే చెప్తాను.

ముందు లెక్క చూద్దాం. కేదార్‌నాథ్ గుడి ఎత్తు సముద్రమట్టానికి 3,583 మీటర్లు. హరిద్వార్ సుమారు 314. గుప్తకాశీ సుమారు 1,319. నడక మొదలయ్యే గౌరీకుండ్ సుమారు 1,980. అక్కడి నుంచి గుడి దాకా దాదాపు 16 కిలోమీటర్ల నడక. అంటే ఒక్క రోజులో 1,600 మీటర్ల ఎత్తు ఎక్కుతున్నాం. గుడి ఉన్న ఎత్తులో మనం పీల్చే ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్, సముద్రతీరంలో అందే దాంట్లో సుమారు మూడింట రెండొంతులే. విజయవాడలో మెట్లెక్కితే ఆయాసపడే మనిషి అక్కడ ఎలా ఉంటారో ఊహించుకోండి.

ఇప్పుడు మొదటి రిసోర్స్. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీకి ట్రావెలర్స్ హెల్త్ అని ఒక సెక్షన్ ఉంది. అందులో ఎల్లో బుక్ అనే గైడ్ మొత్తం ఫ్రీగా చదువుకోవచ్చు. డాక్టర్ల కోసం రాసింది కానీ మనకీ అర్థమవుతుంది. సెర్చ్‌లో సీడీసీ ఎల్లో బుక్ హై ఆల్టిట్యూడ్ అని కొడితే ఆ చాప్టర్ వస్తుంది. ఇంగ్లీష్ కష్టమైతే బ్రౌజర్‌లో ట్రాన్స్‌లేట్ ఆప్షన్ పెట్టి తెలుగులో చదవండి. మందుల పేర్లు, నంబర్లు మాత్రం ఒరిజినల్‌లో ఇంకోసారి సరిచూసుకోండి.

ఆ చాప్టర్ చెప్పే ముఖ్యమైన సంగతి ఏంటంటే, కింద నుంచి ఒక్క రోజులో 2,750 మీటర్లు దాటి వెళ్లి అక్కడ పడుకోకూడదు. ఆ ఎత్తు దాటాక, పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు. ప్రతి 1,000 మీటర్లకి ఒక రోజు ఎక్స్‌ట్రా రెస్ట్ ఉండాలి. ఇక్కడ "పడుకునే చోటు" అన్న మాట గమనించండి. పగలు పైకెళ్లి సాయంత్రానికి కిందకి వచ్చేయడం వేరు, రాత్రి పైనే ఉండిపోవడం వేరు. ఎందుకంటే తలనొప్పి లాంటి లక్షణాలు పైకి చేరిన వెంటనే రావు. మామూలుగా 2 నుంచి 12 గంటల తర్వాత మొదలవుతాయి. చాలామందికి మొదటి రాత్రే తెలుస్తుంది.

ఇక్కడే హెలికాప్టర్ గురించి ఒక మాట. "నాన్న నడవలేరు కాబట్టి హెలికాప్టర్ సేఫ్" అని చాలామంది అనుకుంటారు. మోకాళ్లకి సేఫే, ఒప్పుకుంటా. కానీ ఊపిరితిత్తులకి? గుప్తకాశీ వైపు నుంచి ఎగిరిన హెలికాప్టర్ కొన్ని నిమిషాల్లోనే 3,500 మీటర్లు దాటించేస్తుంది. శరీరానికి అలవాటు పడే టైమే ఉండదు. హెలికాప్టర్ మన నడకని తగ్గిస్తుంది, ఎత్తుని తగ్గించదు. ఈ ఒక్క వాక్యం ఇంట్లో అందరికీ చెప్పండి. హెలికాప్టర్‌లో వెళ్లేవాళ్లకి కూడా అంతకుముందు కొండ ప్రాంతంలో ఒకటి రెండు రాత్రులు పెట్టండి. దర్శనం అయ్యాక అదే రోజు కిందకి వచ్చేలా టికెట్ చూసుకోండి.

ఉత్తరాఖండ్ ప్రభుత్వం కూడా చార్‌ధామ్ యాత్రికుల కోసం హెల్త్ అడ్వైజరీ ఇస్తుంది. అందులోని సలహాలు చాలా ప్రాక్టికల్‌గా ఉంటాయి. యాత్రకి కనీసం 7 రోజులు పెట్టుకోమంటారు. బయల్దేరే ముందు నుంచే రోజూ 5-10 నిమిషాలు శ్వాస వ్యాయామం, 20-30 నిమిషాలు నడక అలవాటు చేసుకోమంటారు. 55 ఏళ్లు దాటినవాళ్లు, బీపీ, షుగర్, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందే చెకప్ చేయించుకోమంటారు. నడిచేటప్పుడు గంటకోసారి, బండిలో ఎక్కేటప్పుడు 2 గంటలకోసారి 5-10 నిమిషాలు ఆగమంటారు. మరి మనవాళ్లు ట్రావెల్స్‌తో మాట్లాడేటప్పుడు ఏమంటారు? "4 రోజుల్లో అయిపోవాలి, లీవుల్లేవు" అంటారు. లీవుల్లేకపోతే వచ్చే ఏడాది వెళ్దాం. అంతే.

చెకప్ అన్నాం కదా. మీ ఊళ్లో స్పెషలిస్ట్ లేకపోతే కేంద్ర ఆరోగ్య శాఖ నడిపే ఈ-సంజీవని అనే టెలిమెడిసిన్ సర్వీస్ ఉంది. ఫోన్‌లోనే డాక్టర్‌తో మాట్లాడొచ్చు. ఏ టెస్టులు చేయించాలి, ఏ డాక్టర్‌ని కలవాలి అని అడగడానికి బాగా పనికొస్తుంది. కానీ అమ్మకి గుండె సమస్య ఉంటే మాత్రం ఫోన్‌తో సరిపెట్టకండి, తనని ఎప్పుడూ చూసే డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి. ఎత్తు ప్రదేశాలకి ముందుగా వేసుకునే ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది. దాన్ని యూట్యూబ్ చూసి మెడికల్ షాపులో కొనకండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఉంటారు, వేరే మాత్రలు వాడేవాళ్లు ఉంటారు. అది డాక్టర్ నిర్ణయం.

రెండోది, రిజిస్ట్రేషన్. చార్‌ధామ్ యాత్రకి ఇది తప్పనిసరి. అఫీషియల్ సైట్ పేరు రిజిస్ట్రేషన్ అండ్ టూరిస్ట్ కేర్ డాట్ యూకే డాట్ గవ్ డాట్ ఇన్. యూకే అంటే లండన్ కాదు, ఉత్తరాఖండ్. టూరిస్ట్ కేర్ ఉత్తరాఖండ్ అని యాప్ కూడా ఉంది. గుడి ఏ రోజు తెరుస్తారు, పూజల బుకింగ్ లాంటివైతే బద్రీనాథ్-కేదార్‌నాథ్ టెంపుల్ కమిటీ సైట్‌లో ఉంటాయి. కేదార్‌నాథ్ తెరిచే తేదీని ఏటా మహాశివరాత్రి రోజున ప్రకటిస్తారు. కాబట్టి అంతకంటే ముందే "కన్ఫర్మ్ డేట్" అని ఎవరైనా ప్యాకేజ్ అమ్ముతుంటే కాస్త ఆలోచించండి.

మూడోది హెలికాప్టర్ టికెట్. మోసాలు ఎక్కువ జరిగేది ఇక్కడే, జాగ్రత్తగా వినండి. కేదార్‌నాథ్ హెలికాప్టర్ షటిల్ టికెట్లకి అఫీషియల్ సైట్ ఐఆర్‌సీటీసీ వాళ్ల హెలీయాత్ర. అడ్రస్ హెలీయాత్ర డాట్ ఐఆర్‌సీటీసీ డాట్ కో డాట్ ఇన్. బుక్ చేయాలంటే ముందు యాత్ర రిజిస్ట్రేషన్ అయ్యుండాలి. సీజన్ మొదలవగానే దీని పేరుతో నకిలీ సైట్లు, ఫేస్‌బుక్ పేజీలు, వాట్సాప్ నంబర్లు పుట్టుకొస్తాయి. కేంద్ర హోం శాఖ సైబర్ క్రైమ్ విభాగం 2025 సీజన్‌లో దీనిపై ప్రత్యేకంగా హెచ్చరిక కూడా ఇచ్చింది.

మరి అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? ఒక చిన్న ట్రిక్ చెప్తా. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, మన పేరు తర్వాత వస్తుంది. వెబ్ అడ్రస్‌లో ఇది రివర్స్. ఇంటిపేరు చివర ఉంటుంది. డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి తోకకి సరిగ్గా ముందున్న పేరే ఆ ఇంటిపేరు. హెలీయాత్ర డాట్ ఐఆర్‌సీటీసీ డాట్ కో డాట్ ఇన్ అంటే, ఐఆర్‌సీటీసీ వారింట్లో హెలీయాత్ర అనే పిల్లాడు. అదే మధ్యలో డాట్ బదులు హైఫన్ పెట్టి ఐఆర్‌సీటీసీ హైఫన్ హెలీయాత్ర అని రాస్తే? అది మొత్తం కలిపి ఒక కొత్త ఇంటిపేరు. అలాంటి పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు, ఐఆర్‌సీటీసీకి సంబంధం ఉండక్కర్లేదు. డాట్ గవ్ డాట్ ఇన్ అయితే ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. అడ్రస్ పక్కన తాళం బొమ్మ ఉంది కదా అని నమ్మేయకండి. మీకు, ఆ సైట్‌కి మధ్య సమాచారం ఎవరూ చూడలేరు అని మాత్రమే దాని అర్థం. అవతలున్నది మంచోడు అని కాదు.

అలాగని డాట్ కామ్ అన్నీ నకిలీవి అనుకోకండి. గఢ్‌వాల్ మండల్ వికాస్ నిగమ్, అంటే జీఎంవీఎన్, ప్రభుత్వ సంస్థే. దాని రూముల బుకింగ్ సైట్ డాట్ కామ్‌లోనే ఉంటుంది. ఇలాంటప్పుడు సెర్చ్‌లో పైన కనిపించే స్పాన్సర్డ్ లింక్ నొక్కకుండా, ఉత్తరాఖండ్ ప్రభుత్వ సైట్ ఓపెన్ చేసి అక్కడున్న లింక్ ద్వారా వెళ్లండి. ఎవరైనా పర్సనల్ యూపీఐకి డబ్బు పంపమన్నారా, అక్కడితో ఆపేయండి. ఇప్పటికే పంపేశారా? సిగ్గుపడుతూ కూర్చోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెప్తే డబ్బుని మధ్యలో ఆపే ఛాన్స్ అంత ఎక్కువ. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లైంట్ పెట్టండి.

నాలుగోది వాతావరణం. ఫోన్‌లో డీఫాల్ట్‌గా వచ్చే వెదర్ యాప్‌లో ఎండ బొమ్మ చూసి బయల్దేరకండి. భారత వాతావరణ శాఖ సైట్‌లో గానీ, మౌసమ్ యాప్‌లో గానీ జిల్లా వారీ హెచ్చరికలు ఉంటాయి. కేదార్‌నాథ్ ఉండేది రుద్రప్రయాగ్ జిల్లాలో. ఆ పేరు గుర్తుపెట్టుకోండి. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే చర్య తీసుకోండి, మన భాషలో చెప్పాలంటే ఉన్నచోటే ఉండండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల సచేత్ యాప్ కూడా వేసుకోండి, మీరున్న చోటుకి సంబంధించిన అలర్ట్‌లు వస్తాయి.

2013 జూన్‌లో కేదార్‌నాథ్ వరదల్లో వేల మంది పోయారు. 2025 జూన్ 15న గౌరీకుండ్ దగ్గర హెలికాప్టర్ కూలి 7 గురు చనిపోయారు. జులై, ఆగస్టులో వానలకి కొండచరియలు విరిగిపడటం అక్కడ మామూలే. కాబట్టి వాతావరణం బాలేదని హెలికాప్టర్ క్యాన్సిల్ చేస్తే కౌంటర్ దగ్గర గొడవపడకండి. ప్లాన్‌లో ముందే ఒక రోజు ఖాళీగా ఉంచుకుంటే ఆ టెన్షనే ఉండదు.

ఐదోది, నెట్ లేనప్పుడు పనికొచ్చేవి. కొండల్లో సిగ్నల్ వస్తుంది, పోతుంది. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. హరిద్వార్‌లో ఉండగానే గూగుల్ మ్యాప్స్‌లో ఆ ఏరియా ఆఫ్‌లైన్‌కి డౌన్‌లోడ్ చేసుకోండి. రిజిస్ట్రేషన్ క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ తీసి, ప్రింట్ కూడా పెట్టుకోండి. అమ్మానాన్నల ఫోన్లలో ఎమర్జెన్సీ ఇన్ఫో అనే సెట్టింగ్ ఉంటుంది. అందులో బ్లడ్ గ్రూప్, వాడే మందులు, మీ నంబర్ పెట్టండి. లాక్ తీయకుండానే ఎవరైనా చూడగలుగుతారు. అదే సమాచారం కాగితం మీద రాసి వాళ్ల జేబులో కూడా పెట్టండి. ఎమర్జెన్సీకి 112, అంబులెన్స్‌కి 108, ఆరోగ్య సలహాకి 104.

ఇక చివరిది. ఏ యాప్‌లోనూ దొరకనిది. పైకి చేరాక తలనొప్పితో పాటు వికారం, కళ్లు తిరగడం, విపరీతమైన నీరసం, వీటిలో ఏది ఉన్నా అది ఎత్తు వల్లే అనుకోండి. ఇంకా పైకి ఎక్కించొద్దు. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మాట తడబడినా, తిన్నగా నడవలేకపోయినా వెంటనే కిందకి దించాలి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. సహాయం కోసం ఫోన్ చేయండి, దగ్గర్లోని మెడికల్ పాయింట్‌కి తీసుకెళ్లండి. చిన్న ఆక్సిజన్ డబ్బా కాసేపు ఊరటనిస్తుంది, కానీ కిందకి దిగడానికి అది బదులు కాదు. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఆ ఎత్తులో నంబర్ ఎలాగూ కాస్త తక్కువే చూపిస్తుంది. నంబర్ ఒక్కటే చూడకండి, మనిషిని చూడండి.

కష్టం ఎక్కడ వస్తుందంటే, మన పెద్దవాళ్లు చెప్పరు. "ఇంత దూరం వచ్చి స్వామిని చూడకుండా వెనక్కి పోతామా" అంటారు. పిల్లాడి డబ్బులు వృథా అవుతాయని నొప్పిని దాచుకుంటారు. అందుకే నేను మా ఇంట్లో ప్రయాణానికి ముందే ఒక ఒప్పందం పెట్టాను. ఎవరికి బాలేకపోయినా దాచకూడదు, ఒకరు దిగితే తోడుగా ఇంకొకరు దిగాలి, ఎవరూ ఎవరినీ తప్పుపట్టకూడదు. అమ్మ మొదట నవ్వింది. తర్వాత, "అయితే నువ్వు కూడా దాచకూడదు మరి" అంది. పాయింటే కదా! ఎత్తుకి వయసుతో పనిలేదు. జిమ్‌కెళ్లే పాతికేళ్ల కుర్రాడికైనా మౌంటెన్ సిక్‌నెస్ రావచ్చు.

సో ఫ్రెండ్స్, ఈ వారం ఒక పని చేయండి. టికెట్లు తర్వాత. ముందు అమ్మానాన్నలతో కూర్చుని 7 రోజుల ప్లాన్ కాగితం మీద రాయండి. ప్రతి రాత్రి పక్కన ఆ ఊరి ఎత్తు రాయండి. ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ మధ్య పెద్ద గ్యాప్ కనిపిస్తే అక్కడ ఇంకో రోజు కలపండి. దారిలో భీంబలీ, లించోలీ లాంటి చోట్ల ఆగే వీలుందేమో కనుక్కోండి. రేపటి నుంచి సాయంత్రం వాళ్లతో కలిసి అరగంట నడవండి. యాత్ర అక్కడే మొదలైనట్టు. ఉంటాను, జాగ్రత్తగా వెళ్లి క్షేమంగా రండి.