స్వంత పత్రిక

ఒక్కొక్క మనుష్యునకు ఒక్కొక్క విషయమునందు మిక్కుటమైన మక్కువ యుండును. ఒకడు తపాలా బిళ్ళలను ప్రోగుచేయును. ఒకడు రాత్రివేళ డాబామీద పరుండి నక్షత్రములను గుర్తుపట్టుచుండును. మఱియొకడు పాడైన రేడియోను విప్పి, లోపలి తీగెలను పరీక్షించుచు అన్నము మాట మఱచిపోవును. ఇట్టివారిని చూచి ఇరుగుపొరుగువారు ‘వీనికి పిచ్చి పట్టినది’ అని నవ్వుదురు. ఆంగ్లభాషలో ఇట్టివారికి ‘గీక్’ అను పేరు కలదు. పూర్వము ఆ మాటకు తెలివిమాలినవాడని యర్థము. వినోద ప్రదర్శనములలో వెఱ్ఱిచేష్టలు చేసి పొట్టపోసికొనువానిని గూడ అట్లే పిలిచెడివారు. కాలక్రమమున ఆ నిందావాచకమే గౌరవవాచకమయ్యెను. యంత్రములు, గణితము, శాస్త్రకల్పన కథలు, చిత్రకథలు మున్నగువానియందు గాఢమైన అభినివేశము గలవారు నేడు ఆ పేరును తామే సంతోషముతో చెప్పుకొనుచున్నారు.

అభినివేశము గలవానికి ఒక కష్టము కలదు. తాను తెలిసికొన్నదానిని వినుటకు తోడు దొరకదు. ఇంటివారికి తీరిక లేదు. ఊరిలో తనవంటివాడు లేడు. అట్టివాడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు సుమారు నూఱు సంవత్సరముల క్రిందట అమెరికా దేశమునందలి కొందఱు యువకులు చక్కని ఉపాయము కనిపెట్టిరి. అదియే స్వంత పత్రిక.

లక్సెంబర్గులో జన్మించి అమెరికాకు వలసవచ్చిన హ్యూగో గెర్న్స్‌బాక్ అను నాతడు 1926వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ‘అమేజింగ్ స్టోరీస్’ అను మాసపత్రికను ప్రారంభించెను. గ్రహాంతరయానము, భావికాల యంత్రములు మున్నగువానిని గూర్చిన కథలకే అది ప్రత్యేకింపబడినది. అందు పాఠకుల లేఖలకు కొన్ని పుటలు కేటాయించి, లేఖ వ్రాసినవారి పేరుతోపాటు చిరునామాను గూడ అచ్చువేసెడివారు. ఇది అల్పవిషయముగా తోచవచ్చును గాని, దీని ఫలితము గొప్పది. ఒక ఊరి బాలుడు మఱియొక ఊరి బాలుని చిరునామా చూచి నేరుగా ఉత్తరము వ్రాయసాగెను. ఉత్తరములవలన స్నేహములును, స్నేహములవలన సంఘములును ఏర్పడినవి. 1930వ సంవత్సరము మే నెలలో చికాగో నగరమునందలి అట్టి సంఘమొకటి ‘ది కామెట్’, అనగా ‘తోకచుక్క’, అను పత్రికను వెలువరించెను. రేమండ్ పామర్ దాని సంపాదకులలో ఒకరు. శాస్త్రకల్పన కథాభిమానులు స్వయముగా నడపిన పత్రికలలో ఇదియే మొదటిదని చెప్పుదురు. 1940లో రస్ షావనే అను అభిమాని ఇట్టి పత్రికలకు ‘ఫ్యాన్‌జీన్’ అని పేరు పెట్టెను. అభిమానుల పత్రిక యని దాని తాత్పర్యము.

ఆ యువకులకు అచ్చుయంత్రములు కొను శక్తి లేదు. మన పాఠశాలలలో ఒకప్పుడు ప్రశ్నపత్రములు తీయుటకు వాడిన సైక్లోస్టైలు యంత్రము వంటిదే వారిలో పెక్కుమందికి ఆధారము. దాని పనితీరు తెలిసికొనదగినది. మైనపు పూతగల పలుచని కాగితమును టైపు యంత్రమున పెట్టి, సిరాపట్టీ తగులకుండ అక్షరములను కొట్టుదురు. అచ్చు తగిలిన చోట పూత తొలగి, అక్షరాకారమున సన్నని దారి యేర్పడును. ఆ కాగితమును సిరాగల డోలుపై చుట్టి త్రిప్పినచో, సిరా ఆ దారులగుండ మాత్రమే దిగి, క్రింది తెల్లకాగితముపై అక్షరములుగా పడును. ఒక్క అక్షరము తప్పినను ద్రవము పూసి, ఆఱనిచ్చి, మఱల కొట్టవలెను. పిమ్మట పుటలను వరుసగా పేర్చి కుట్టవలెను. చిరునామాలు వ్రాసి తపాలాలో వేయవలెను. రచయిత, సంపాదకుడు, ముద్రాపకుడు, బంట్రోతు, అన్నియు తఱచుగా ఒక్కడే.

ఇంత శ్రమకు ఫలమేమి? రెండుదాహరణములు చెప్పెదను.

క్లీవ్‌లాండ్ నగరమున గ్లెన్‌విల్ ఉన్నత పాఠశాలలో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇద్దఱు మిత్రులు చదువుచుండిరి. ఇద్దఱును 1914లో పుట్టినవారే. సీగెల్ కథలు వ్రాయును. షుస్టర్ బొమ్మలు వేయును. 1932లో వారు ‘సైన్స్ ఫిక్షన్’ అను స్వంత పత్రికను ఆరంభించిరి. అది ఐదు సంచికలతో ఆగిపోయెను. 1933 జనవరి నాటి మూడవ సంచికలో సీగెల్ ఒక కథ వ్రాసెను. అందలి సూపర్‌మ్యాన్ నేడు మీరెఱిగిన వీరుడు కాడు, దుర్మార్గుడు. ఒక శాస్త్రజ్ఞుడు నిరుపేద యొకనిపై ప్రయోగము చేయగా, వానికి ఇతరుల మనస్సులను తెలిసికొను శక్తి కలిగెను. వాడు ఆ శక్తితో లోకమునే లోబఱచుకొన జూచును. ఇది కథ. కొంతకాలమునకు సీగెల్ తన కల్పనను తానే మఱల పరిశీలించుకొనెను. అంతటి శక్తి గలవాడు దుష్టుడగుటకంటె దీనరక్షకుడగుట మేలని యాతనికి తోచెను. పేరు నిలిచెను; స్వభావము మాఱెను. ప్రచురణకర్తలు పలువురు త్రోసిపుచ్చిన పిదప, 1938లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో ఆ నూతన వీరుడు లోకమునకు కనబడెను.

ఈ కథలో దుఃఖభాగము గూడ కలదు. ఆ వీరునిపై గల హక్కులను ఆ యువకులు 130 డాలర్లకే వ్రాసియిచ్చిరి. వృద్ధాప్యము సమీపించిన పిదప, 1975వ సంవత్సరము చివరగాని, వారికి వార్షిక భరణమును, సృష్టికర్తలుగా తమ పేర్లు మఱల ప్రకటింపబడు గౌరవమును లభింపలేదు. తాను వ్రాసినది తనదిగా నిలుపుకొనుట యెంత విలువైనదో దీనివలన తెలియును. స్వంత పత్రికలో ధనము రాకపోవచ్చును. కాని వ్రాసినది తనదే.

రెండవవాడు రే బ్రాడ్‌బరీ. ఆతడు 1938లో లాస్ ఏంజిలస్ నగరమున ఉన్నత పాఠశాల చదువు ముగించెను. కళాశాలకు పోవు స్తోమత లేక, వీధిమూలను వార్తాపత్రికలమ్ముచు, పౌర గ్రంథాలయమునే కళాశాలగా చేసికొనెను. 1939లో ఆతడు ‘ఫ్యూచ్యూరియా ఫాంటాసియా’ అను పత్రికను ప్రారంభించి, నాలుగు సంచికలు వెలువరించెను. అంతటితో అది నిలిచిపోయెను. కాని ఆ సంపాదకుడు వ్రాయుట మానలేదు. 1953లో వెలువడిన ‘ఫారెన్‌హైట్ 451’ అను నవలతో ఆతని కీర్తి దేశదేశములకు ప్రాకెను. పుస్తకములను తగులబెట్టు లోకమొకటి అందు వర్ణింపబడినది. గ్రంథాలయమున పెరిగినవానికి అంతకంటె భయంకరమైన లోకము వేఱొకటి తోచునా?

ఇట్టి పత్రికను నడపువాడు మూడు నియమములు పాటింపవలెను. మొదటిది కాలనియమము. పక్షమున కొకటియని చెప్పినచో పక్షమునకే వెలువరింపవలెను. ముప్పది పుటల సంచిక యొకటి తెచ్చి అలసిపోవుటకంటె, నాలుగు పుటలవి పది తెచ్చుట మేలు. రెండవది సత్యనియమము. తెలిసినదానినే వ్రాయవలెను, తప్పు దొరలినచో తరువాతి సంచికలో మొదటనే ఒప్పుకొని దిద్దవలెను. మూడవది ప్రత్యుత్తర నియమము. చదివినవాడు వ్రాసిన ప్రతి లేఖకు బదులు వ్రాయవలెను. తోడు లేక మొదలు పెట్టిన పత్రిక, వచ్చిన తోడును నిర్లక్ష్యము చేసినచో దాని ప్రయోజనమే చెడును.

పత్రిక కొంతకాలము నడచిన పిదప దాని రూపమును మార్చవలెనను కోరిక పుట్టును. ఇది సహజమే. అయితే ఇచ్చటనే పెక్కుమంది పొరపడుదురు. నేనును పొరపడితిని. ఆ సంగతి దాచక చెప్పెదను.

1985వ సంవత్సరము చివరి మాట. 1910లో కనబడిన హేలీ తోకచుక్క మఱల వచ్చుచున్నదని లోకమంతయు ఎదురుచూచుచుండెను. నేనప్పుడు ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడను. తొమ్మిదవ తరగతి బాలుడొకడు ఆ తోకచుక్కను గూర్చి పక్షమునకు నాలుగు పుటల లిఖిత పత్రిక వ్రాసి, గ్రంథాలయపు గదిలో మేకునకు వ్రేలాడదీయుచుండెను. దస్తూరి గుండ్రముగా నుండదు. కాగితము లెక్కల పుస్తకములోనిది. కాని మొదటి పుటలో ఆతడు ప్రతి పర్యాయము ఆకాశచిత్ర మొకటి గీయును. దానిలో మా ఊరి చెఱువుగట్టు, గట్టుమీది మూడు తాటిచెట్లు ఉండును. ఏ తాటిచెట్టునకు ఎంత యెత్తున, ఏ వేళకు చూడవలెనో గుర్తు పెట్టును. మధ్యాహ్నపు విరామమున ఆ మేకు చుట్టును పిల్లలు మూగెడివారు.

నాకు ముచ్చట కలిగి, సంక్రాంతి సంచికను నేనే తీర్చిదిద్దెదనంటిని. దళసరి అట్ట వేయించితిని. పుటకు నాలుగు వైపుల పూలతీగెలు గీయించితిని. మొదటి పుటలో ఆశీస్సులు, రెండవ పుటలో పద్యములు చేర్చితిని. అక్షరములు రెండు వరుసలుగా ఇఱుకైనవి. ఆకాశచిత్రము కడపటి పుటకు పోయెను. పత్రికకు తగవని తాటిచెట్లను తీసివేయించితిని. చూచినవారందఱు మెచ్చుకొనిరి, చదివినవారు మాత్రము లేరు. ఆ బాలుడు నన్నేమియు అనలేదు. కాని ఆతని ముఖమున పూర్వపు ఉత్సాహము కనబడలేదు. ఒకనాడు ఆఱవ తరగతి బాలిక యొకతె పుటలన్నియు త్రిప్పి, నా వైపు చూచి, “మాస్టారూ, తాటిచెట్టు ఏదండీ?” అని అడిగెను.

ఆ ఒక్క ప్రశ్నతో నా తప్పు నాకు బోధపడెను. నేను పత్రికకు అలంకారము చేసితిని గాని, చదువరికి దారి చూపలేదు. ఉన్న దారిని గూడ మూసివేసితిని. ఆ సాయంకాలమే బాలుని పిలిచి నా పొరపాటు ఒప్పుకొంటిని. తరువాత మేమిద్దఱము కొన్ని దినములు మేకునకు దూరముగా కూర్చుండి, పిల్లలు ఏ పుట త్రిప్పుదురో, ఎవరి వ్రేలు ఎక్కడ ఆగునో కనిపెట్టితిమి. చిన్నపిల్లలకు మేకు అందుట లేదని అప్పుడు తెలిసెను. దానిని ఒక జానెడు దించితిమి. అక్షరములను పెద్దవి చేసితిమి. తారీఖులను, వేళలను ఒక పట్టికగా వ్రాసితిమి. కడపటి పుటను ప్రశ్నలు వ్రాయుటకై ఖాళీగా విడిచితిమి. తాటిచెట్లు తమ చోటికి వచ్చినవి.

మార్చి నెలలో ఒకనాడు తెల్లవాఱుజామున ఆ చిత్రము చేతబట్టుకొని, ఇరువదిమంది పిల్లలు పెద్దలతో గూడి చెఱువుగట్టున నిలిచిరి. ఆగ్నేయ దిక్కున, తాటితలలకు పైగా, దూదిపింజవంటి మసక వెలుగొకటి కనబడెను. పెద్దలు చెప్పినంత గొప్పగా లేదని కొందఱు నిరాశపడిరి. కాని దానిని వెదకి పట్టుకొన్నవారు వారే. వారికి దారి చూపినది లెక్కల పుస్తకపు కాగితము.

కావున రూపము మార్చునపుడు మొదట అడుగవలసిన ప్రశ్న ‘ఇది అందముగా నున్నదా?’ అనునది కాదు; ‘చదువరి ఎక్కడ తడబడుచున్నాడు?’ అనునది. ఆ తడబాటును తొలగించు మార్పు మంచి మార్పు. దేనికొఱకు జనులు వెదకికొని వచ్చుచున్నారో దానిని కదల్పరాదు. పాత సంచికలను పాఱవేయరాదు. మన తప్పులును ఎదుగుదలయు వానియందే కనబడును. సీగెల్ కథలో మాఱినది బొమ్మ యొక్కటియే కాదు, భావము. మార్పు అచ్చటనుండి రావలెను.

విద్యార్థులారా! నేడు సాధనములు మాఱినవి. సైక్లోస్టైలు యంత్రము మూలబడినది. కంప్యూటరుపై క్షణములో అక్షరములను పెంచవచ్చును, తగ్గింపవచ్చును, వేయి రంగులు పూయవచ్చును. అందుచేతనే పూలతీగెల ప్రలోభము పూర్వముకంటె హెచ్చినది. మీకు చీమలయందు మక్కువ యున్నను, చదరంగమునందున్నను, పాత నాణెములయందున్నను సిగ్గుపడకుడు. నాలుగు పుటలు వ్రాయుడు. మీవంటివాడు మఱియొకడు ఎక్కడనో తోడు లేక కూర్చుండి యున్నాడు.

హేలీ తోకచుక్క మఱల 2061లో రానున్నది. అప్పటికి మీకు సుమారు ఏబది సంవత్సరముల వయస్సుండును. ఆనాటి పిల్లలకు అది ఏ చెట్టుపైన కనబడునో గీసి చూపువారు మీలో నుండియే రావలెను.