వెలుగును వెలుగుతోనే ఆర్పే విద్య

సెకనుకు 10 గిగాబిట్ల సమాచారం మోసే ఆప్టికల్ ఫైబర్ లైనులో వెలుగు ఉండాలా, వద్దా అన్నది సెకనుకు వెయ్యి కోట్ల సార్లు తేలాలి. లేజర్‌కు కరెంటు ఇస్తూ, ఆపుతూ పోతే చాలదా? దగ్గరి దూరాలకు చాలు. కానీ కరెంటు మారినప్పుడల్లా లేజర్ రంగు కూడా లవలేశం చలిస్తుంది. ఫైబర్‌లో ఒక్కో రంగుది ఒక్కో వేగం. అందువల్ల వందల కిలోమీటర్లు దాటేసరికి పక్కపక్క సంకేతాలు ఒకదానిలోకి ఒకటి చొరబడి అలుక్కుపోతాయి.

అందుకే దూరపు లైన్లలో లేజర్‌ను నిలకడగా వెలగనిచ్చి, దాని దారిలో ఒక ఇంటర్‌ఫెరోమీటర్ పెడతారు.

ఇది 1891లో లుడ్విగ్ జెండర్, 1892లో లుడ్విగ్ మాక్ రూపొందించిన పరికరం. ఆ తర్వాత చాలాకాలం విండ్ టన్నెళ్లలో గాలి ప్రవాహాన్ని ఫొటో తీయడానికి పనికొచ్చింది. దాని సూత్రం సులువు. ఏటి నీరు లంక దగ్గర రెండు పాయలై, దిగువన మళ్లీ కలిసినట్టే ఇందులో కాంతి చీలి కలుస్తుంది. కలిసే చోట తరంగ శృంగం శృంగంతో కలిస్తే వెలుగు, ద్రోణితో కలిస్తే చీకటి. ఆ చీకటిలో శక్తి నశించదు, మరో వైపుకు మళ్లిపోతుంది.

ఈ పాయలను లిథియం నయోబేట్ స్ఫటికంలో చెక్కితే మాడ్యులేటర్ తయారవుతుంది. వోల్టేజీ తగలగానే ఆ స్ఫటికంలో కాంతి వేగం కాస్త మారుతుంది. ఫైబర్ లైన్లలో వాడే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 1,550 నానోమీటర్లు. ఒక పాయ రెండో దానికన్నా అందులో సగం వెనకబడితే చాలు, వెలుగు ఆరిపోతుంది. కదిలే భాగమంటూ ఏదీ లేదు, వేగమంతా అక్కడిదే.

అందుకునే చివర కూడా ఇదే విద్య ఉపయోగపడుతుంది. కొన్ని పద్ధతుల్లో సమాచారం వెలుగు తీవ్రతలో కాక, తరంగ దశలో ఉంటుంది. ఫొటోడిటెక్టర్‌కు దశ కనిపించదు. కాబట్టి వచ్చిన కాంతిని రెండుగా చీల్చి, ఒక దారిని ఒక బిట్ మేర ఆలస్యం చేసి కలుపుతారు. అప్పుడు ప్రతి బిట్టూ తన ముందు బిట్టుతో పోల్చుకుని, దశలోని తేడాను వెలుగునీడలుగా బయటపెడుతుంది. 40 గిగాబిట్ల వేగంలో ఆ ఆలస్యం 25 పికోసెకన్లు. గాజు తీగలో అది సుమారు అయిదు మిల్లీమీటర్ల అదనపు దారి. ఎలక్ట్రానిక్ గడియారంతో పనిలేకుండా ఆ కొద్దిపాటి పొడవే కాలాన్ని కొలుస్తుంది.

2009 చివర్లో వెరైజన్ సంస్థ పారిస్, ఫ్రాంక్‌ఫర్ట్ మధ్య 100 గిగాబిట్ల లైను నడిపింది. అలాంటి లైన్లలో రెండు ధ్రువణాలు, నాలుగు దశలు కలిసి ఒక్కో సంకేతంపై నాలుగు బిట్లు మోస్తాయి. అందుకోసం నాలుగు ఇంటర్‌ఫెరోమీటర్లను ఒకే మాడ్యులేటర్‌లో ఇముడుస్తారు.

అయితే ఇంత సున్నితమైన పరికరం నిలకడగా ఉండదు. వేడి మారినా, స్ఫటికంలో విద్యుదావేశం పేరుకున్నా పాయల మధ్య లెక్క తప్పుతుంది. బయటికొచ్చే కాంతిలో చిటికెడు పక్కకు తీసి, అది చెప్పినదాన్ని బట్టి వోల్టేజీని సరిచేసే సర్క్యూట్ ఎప్పుడూ కాపలా కాస్తుండాలి. సెంటీమీటర్ల పొడవు, అనేక వోల్టుల అవసరం కూడా భారమే. 2018లో హార్వర్డ్, నోకియా బెల్ ల్యాబ్స్ పరిశోధకులు పలుచని లిథియం నయోబేట్ పొరతో ఈ భారాన్ని బాగా తగ్గించారు. మామూలు చిప్‌లు ఇచ్చే వోల్టేజీతోనే నడిచే ఆ మాడ్యులేటర్ 210 గిగాబిట్ల వేగాన్ని అందుకుంది.

ఇంటర్‌ఫెరోమీటర్లనే వలలా అల్లితే కాంతి లెక్కలూ చేస్తుంది. 2017లో ఎమ్ఐటీ బృందం 56 ఇంటర్‌ఫెరోమీటర్ల చిప్‌తో అచ్చుల ధ్వనులను గుర్తించే ప్రయోగం చేసింది. గుణకారం, కూడిక కాంతి దాటిపోయే క్షణంలోనే జరిగిపోతాయి. జ్ఞాపకం పెట్టుకోవడం, నిర్ణయం తీసుకోవడం మాత్రం ఇప్పటికీ సిలికాన్ ట్రాన్సిస్టర్ల వంతే. కాంతిని విద్యుత్తుగా, విద్యుత్తును మళ్లీ కాంతిగా మార్చే ప్రతిసారీ కాలమూ కరెంటూ ఖర్చవుతాయి కాబట్టి, ఆ మార్పిళ్లను ఎన్ని తగ్గించగలమన్నదే ఇంజినీర్ల ముందున్న అసలు పని.