డైనింగ్ కుర్చీ సీటుకి మనమే కొత్త గుడ్డ వేసుకుందాం

సీటు మీద పులుసు ఒలికి మరక పోలేదని కుర్చీనే పారేసినవాళ్ళని ఇక్కడ అమెరికాలో మనవాళ్ళలో చాలామందిని చూశాను. కొయ్య మాత్రం గట్టిగానే ఉంటుంది, పాపం! ఒకసారి కుర్చీ తిరగేసి చూడండి. సాధారణంగా నాలుగు స్క్రూలుంటాయి. అవి విప్పితే సీటు పలక చేతికొస్తుంది.

పాత గుడ్డ పీకాక, లోపలి ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే జాగ్రత్త. ఫోమ్‌లో మంటలు అంటుకోకుండా కలిపే ఒక ముఖ్యమైన పీబీడీఈ రసాయనం తయారీ ఇక్కడ 2004 చివరికి ఆగిపోయింది. అంతకంటే పాత కుర్చీలో అది ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి, సంచిలో మూటకట్టి పారెయ్యండి.

కొత్త ఫోమ్ రెండంగుళాల మందం చాలు. పైన పాలిస్టర్ బ్యాటింగ్ పరిస్తే అంచులు గుండ్రంగా వస్తాయి. గుడ్డ పలకకంటే నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువుండాలి. మా ఆవిడ వద్దంటున్నా నేను పాత పట్టుచీర వేశాను. బిగించి లాగిన మడత దగ్గర ఆర్నెల్లలో చిరిగింది. సోఫాలకి వాడే మందపాటి గుడ్డే మేలు.

అసలు కిటుకంతా స్టేపుల్ గన్‌తో పిన్నులు కొట్టడంలోనే ఉంది. మూలలు చివరికి వదిలెయ్యండి. ముందు ఒక్కో వైపు మధ్యలో ఒక పిన్ను కొట్టి, ఎదురెదురుగా గుడ్డ లాగుతూ మూలల వైపు జరగండి. మూలల్లో చీర కుచ్చిళ్ళలా చిన్న మడతలు పెట్టాలి. స్క్రూ రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి. పలక మందం కంటే పిన్ను పొడుగైతే పైకి పొడుచుకొస్తుంది. ఆ సంగతి కూర్చున్న చుట్టాలే చెబుతారు!